ఫిల్మ్ వేసి చూడని పోలరాయిడ్‌ను ఇక అమ్మం

విశాఖలో మా కొట్టుకు వచ్చేవాళ్లకీ, ఫోన్‌లో బేరమాడేవాళ్లకీ ఒక మాట. ఇకమీదట కొత్త ఫిల్మ్ వేసి ఫొటో తీసి చూశాకే పాత పోలరాయిడ్ (తీసిన వెంటనే ఫొటోను బయటికిచ్చే కెమెరా) అమ్ముతాం. అందువల్ల ధర కొంచెం పెరుగుతుంది. ప్యాక్‌లో ఉండేవే 8 ఫొటోలు, రెండు పరీక్షకు పోతాయి. ఆ రెండూ మీకు చూపించి, మిగతా ఆరూ కెమెరాతోపాటే ఇస్తాం.

1972లో వచ్చిన పోలరాయిడ్ ఎస్ఎక్స్-70 మోడల్‌కి గానీ, తర్వాతి 600 రకాలకు గానీ బ్యాటరీ ఫిల్మ్ ప్యాక్‌లోనే ఉంటుంది. ఖాళీ కెమెరా చేతికిచ్చి 'పనిచేస్తుంది' అంటే ఎలా నమ్ముతారు? పెట్టె మీద ఐ-టైప్ అని ఉన్న ఫిల్మ్ మాత్రం వీటికి కొనకండి, అందులో బ్యాటరీ ఉండదు.

ఎక్కడ కొన్నా ఫిల్మ్ తలుపు తెరిచి రెండు స్టీలు రోలర్లూ చూడండి. రసాయనాన్ని ఫొటో అంతటా పరిచేవి అవే. వాటి మీద పాత రసాయనం గట్టిపడి ఉంటే ప్రతి ఫొటోలో సమాన దూరంలో మచ్చలు పడతాయి. తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలావరకు పోతుంది. పైన తోలు ఊడినా ఫరవాలేదు. ఎస్ఎక్స్-70 బెల్లోస్‌కు (లోపలికి వెలుగు రాకుండా ఆపే మడతల తొడుగు) చిల్లు పడితే మాత్రం వద్దు.

ప్యాక్‌ఫిల్మ్ ల్యాండ్ కెమెరాలు (ఫొటోను చేత్తో లాగి, పైపొర ఒలిచే పాత పోలరాయిడ్ రకం) కొనడం మానేశాం. వాటికి సరిపోయే ఎఫ్‌పీ-100సీ ఫిల్మ్‌ను ఆపేస్తున్నట్టు ఫుజీ 2016లోనే చెప్పింది. ఫిల్మ్ దొరకని కెమెరాను ఎంత అందంగా ఉన్నా మీకు అంటగట్టలేను.

ఇక నెగెటివ్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించే స్కానర్లు. నికాన్ కూల్‌స్కాన్ 5 కావాలని చాలామంది అడుగుతున్నారు. 35 ఎంఎం నెగెటివ్‌లకు అది నిజంగా గొప్పది. కానీ మీ ఇంట్లో ఉన్నవి ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాతో తీసిన 120 నెగెటివ్‌లైతే (35 ఎంఎం కన్నా వెడల్పైన ఫిల్మ్) అందులో పట్టవు. వాటికి ఎప్సన్ వీ600 స్కానర్ చాలు, నెగెటివ్‌ను పట్టి ఉంచే హోల్డర్లు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. దాని మీద 6400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని రాసి ఉంటుంది గానీ, అంత వివరం రాదు. కుటుంబ ఫొటోలు ప్రింట్ తీయించుకోవడానికి సరిపోతుంది.

స్కానర్‌లో దుమ్ము మచ్చలను తానే తీసేసే డిజిటల్ ఐస్ ఉందని ఎక్కువ ధర అడిగితే, మీవి బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లైతే ఇవ్వొద్దు. దుమ్మును పట్టేది ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. ఫిల్మ్‌లోని వెండి దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే దుమ్మనుకుని చెడగొడుతుంది.

సముద్రపు గాలికి స్కానర్ లోపలి అద్దాలు మసకబారతాయి. అలాంటి దాంట్లో తెలుపు, నలుపు కలిసేచోట పొగలా వస్తుంది. వచ్చేటప్పుడు మీ నెగెటివ్ ఒకటి తెచ్చుకోండి, కొనేముందు ఇక్కడే స్కాన్ చేసి చూద్దాం.