వార్షిక నివేదిక 2024: పండుగలు, ప్రకంపనలు

సభ్యులందరికీ నమస్కారం.

టోక్యో, చుట్టుపక్కల ఊళ్లలో ఉంటున్న తెలుగు కుటుంబాల మన సంఘం 2024లో చేసిన పనుల నివేదిక ఇది. ఏటా ఉగాది పచ్చడితో మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఈసారి ఆ వరస తప్పింది.

జనవరి 1 సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు ఇషికావా ప్రిఫెక్చర్‌లోని నోటో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2011 తర్వాత మొదటిసారి పెద్ద సునామీ హెచ్చరిక వెలువడింది. అక్కడి వాజిమా పట్టణంలో పేరున్న ఉదయపు సంత వీధి కాలి బూడిదైంది. మర్నాడే వ్యానులో పులిహోర, దుప్పట్లు వేసుకుని బయలుదేరుదామని మనవాళ్లు కొందరు సిద్ధమయ్యారు. కొండ దారులు విరిగిపడ్డాయి, సొంతంగా ఎవరూ రావద్దని అక్కడి అధికారులు కోరారు. ఆగిపోయాం. ఉన్న ఒకటి రెండు దారులలో మన వ్యాను అంబులెన్సుకు అడ్డం పడేదే. సంక్రాంతి కలయికలో పోగైన డబ్బును జపాన్ రెడ్‌క్రాస్‌కు పంపాం. సాయం చేయాలన్న తొందర వేరు, సాయపడటం వేరు అని కార్యవర్గంలో మొదట అర్థం చేసుకోవలసి వచ్చినవాడిని నేనే.

ఆ రోజు టోక్యోలోనూ మేడలు నెమ్మదిగా, చాలాసేపు ఊగాయి. మన ఫోన్ల గుంపులో "7.6 అంటే మన దగ్గరా 7.6 ఏనా?" అన్న ప్రశ్న పదేపదే వచ్చింది. కాదు. ఆ అంకె భూకంపం మొత్తం శక్తికి కొలత. మనం నిలబడిన చోట నేల ఎంత ఊగిందో చెప్పేది షిందో. అది సున్నా నుంచి 7 దాకా ఉంటుంది. 5, 6 అంకెలకు "తక్కువ", "ఎక్కువ" అని రెండేసి మెట్లు ఉండటం వల్ల మొత్తం పది మెట్లు. టీవీలో మనం చూసుకోవలసింది మన వార్డు పేరు పక్కన ఉన్న షిందో అంకెను.

మే నెలలో పిల్లలతో కలిసి కసుకబేలోని భూగర్భ వరద కాలువ చూసి వచ్చాం. అక్కడి నీటి తొట్టి పొడవు 177 మీటర్లు, వెడల్పు 78 మీటర్లు. లోపల 59 స్తంభాలు, ఒక్కొక్కటి 500 టన్నుల బరువు. జపాన్‌వాళ్లు దాన్ని భూగర్భ దేవాలయం అంటారు. మెట్లు దిగగానే మనవాళ్లకు వేయిస్తంభాల గుడి గుర్తుకొచ్చింది. పొంగిన చిన్న నదుల నీటిని పట్టి ఎదొగావా అనే నదిలోకి తోసే ఏర్పాటు అది. "ఆ నది మన ఇళ్ల వైపే కదా వచ్చేది?" అని ఒక పాప అడిగింది. అవును. నిషికసాయిలో మనవాళ్లు చాలామంది ఉండే ఎదొగావా వార్డు నేలలో 70 శాతం సముద్రం పోటు మట్టానికి దిగువన ఉంది. 2019లో ఆ వార్డు ఇంటింటికీ పంచిన వరద పటం అట్ట మీద "ఇక్కడ ఉండకూడదు" అని సూటిగా అచ్చువేశారు. మన సభ్యుల ఇళ్లలో చాలావరకు ఆ పటం పాత కాగితాలతో పాటు పారేశారని తేలింది. కొత్త ప్రతులు తెచ్చి ముఖ్య వాక్యాలను తెలుగులో రాసి పంచాం. ఈ ఏడాది మేము చేసిన పనులలో పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

ఆగస్టు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. 8న క్యూషూ దీవి తీరాన హ్యూగా సముద్రంలో 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. జపాన్ దక్షిణ తీరం పొడవునా సముద్రం అడుగున ఉన్న నంకై ట్రఫ్ అనే లోతైన పల్లం వెంట భారీ భూకంపానికి అవకాశం మామూలు కంటే పెరిగిందన్న సూచనను ప్రభుత్వం మొదటిసారి జారీ చేసి, వారం పాటు ఉంచింది. అప్పటికే కొరతగా ఉన్న బియ్యం దుకాణాలలో పూర్తిగా కనిపించకుండా పోయింది. మూటలు పోగేసుకున్న కొందరు మంచినీళ్లు మరిచారు. మనిషికి రోజుకు మూడు లీటర్లు, కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి కావాలి. నీళ్లు లేకపోతే ఆ బియ్యం ఉడికేదెలా? 16న వరలక్ష్మీ వ్రతం, అదే రోజు ఏడో నంబరు తుఫాను. టోక్యో, నగోయాల మధ్య షింకన్‌సెన్ బుల్లెట్ రైలు రోజంతా నడవలేదు. వాయనాలు మరుసటి శుక్రవారం ఇచ్చుకున్నారు.

సెప్టెంబరు 1 జపాన్‌లో విపత్తు నివారణ దినం. 1923లో అదే రోజు 11 గంటల 58 నిమిషాలకు కాంతో మహా భూకంపం లక్ష మందికి పైగా ప్రాణాలు తీసింది. ఈసారి ఆదివారం కావడంతో విపత్తు వేళ ఏం చేయాలో పార్కులో కసరత్తు పెట్టుకున్నాం. సగంలో ఉండగా ఫోన్లు మోగాయి. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోతోంది. కొందరి అమ్మానాన్నలు మేడ మీద చిక్కుకున్నారు. కసరత్తు ఆపేశాం. తర్వాత చందాలు పోగుచేసి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపాం.

డిసెంబరు 4న కథ తిరగబడింది. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది; హైదరాబాద్‌లోనూ తెలిసింది. ఎప్పుడూ "క్షేమమేనా" అని మనల్ని అడిగే ఊరివాళ్లు ఈసారి "బయటికి పరుగెత్తాలా, బల్ల కింద దూరాలా" అని అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. బల్ల కింద దూరమనే సలహా 1981 జూన్ నుంచి అమలైన నిబంధనలతో కట్టిన ఇక్కడి ఇళ్లకు సరిపోతుంది. మట్టిగోడల పెంకుటింటికి అదే మాట ధైర్యంగా ఎలా చెప్పగలం? ఇంటిని బట్టి చెప్పాలని తీర్మానించాం.

"ఇది సంఘమా, అగ్నిమాపక కేంద్రమా" అని సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు. నిజమే, ఈ ఏడాది నాటకం వేయలేదు, బతుకమ్మను చిన్న హాలులో సరిపెట్టాం. ఆ లోటును ఒప్పుకుంటున్నాం. ఉగాది, దీపావళి మాత్రం ఎప్పటిలాగే నిండుగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి వేరుగా సమర్పిస్తారు.

మిగిలిపోయిన పని ఒకటి ఉంది: ఏ కుటుంబం ఎక్కడ ఉంటోంది, ఎవరింట్లో పసిపిల్లలు, ఊరి నుంచి వచ్చిన పెద్దలు ఉన్నారు అన్న జాబితా. సగం మంది ఇంకా వివరాలు ఇవ్వలేదు. విపత్తు వేళ పనిచేసే 171 నంబరు ఫోను సందేశ సేవను ప్రతి నెల 1, 15 తేదీలలో పరీక్షించి చూసుకోవచ్చు. 1 నొక్కితే మన గొంతు నమోదవుతుంది, 2 నొక్కితే వినవచ్చు. సూచనలు జపనీస్‌లో వస్తాయి కాబట్టి ఒకసారి పిల్లల చేత చేయించుకోండి.

సంక్రాంతి కలయికకు వచ్చేటప్పుడు మీ ఇంటి గ్యాస్ మీటరు ఫొటో ఫోనులో తీసుకురండి. షిందో 5 స్థాయి కుదుపుకు అది తనంతట తానే ఆగిపోతుంది. గ్యాస్ మళ్లీ రావడానికి ఏ బొత్తాం నొక్కి మూడు నిమిషాలు ఆగాలో అరిసెలు తింటూ చూపిస్తాం.

ఇట్లు,
కార్యవర్గం తరఫున, కార్యదర్శి