యల్లాప్రగడ సుబ్బారావుకు 72.8 పాయింట్లు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షులు గారికి నమస్కారాలు.

నేను రసాయన శాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకుణ్ణి. ఉద్యోగంలో ఉండగానూ ఆ తర్వాత కొన్నేళ్లూ సబ్జెక్టు నిపుణుడి హోదాలో సెలక్షన్ కమిటీలలో కూర్చున్నాను. ఆ గదులలో ఏం జరిగిందో మీకు నివేదికలు వస్తూనే ఉంటాయి. ఏం జరగలేదో మాత్రం ఎవరూ రాసి పంపరు. అందుకే ఈ ఉత్తరం.

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూలు జరిగాయి. పేరు అనవసరం. మా ముందు పరిచిన పెద్ద కాగితం మీద ఒక్కో అభ్యర్థికి ఒక్కో వరుస. పత్రాలు ఎన్ని, అవి అచ్చయిన జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల మొత్తం ఎంత, సైటేషన్లు (ఇతరులు వాటిని తమ పత్రాలలో పేర్కొన్న సార్లు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ (కనీసం పదేసి సైటేషన్లు ఉన్న పత్రాలు పది ఉంటే హెచ్ పది) ఎంత. అసలు పత్రాల ప్రతులు పక్క గదిలో అట్టపెట్టెలలో ఉన్నాయి. సాయంత్రం దాకా ఆ పెట్టెల తాడు ఎవరూ విప్పలేదు. నేనూ విప్పలేదు.

అభ్యర్థులలో ఒకాయన పదకొండేళ్లుగా తన విభాగంలో, అణువుల నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ యంత్రాన్ని చూసుకుంటున్నారు. దాని అయస్కాంతానికి ద్రవ హీలియం, ద్రవ నైట్రోజన్ ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. సంక్రాంతి సెలవులని అది ఆగదు. ఇంటర్వ్యూలో ఆయన ఒక సంగతి చెప్పారు. ఒక పరిశోధక విద్యార్థి తాను చేసిన కొత్త పదార్థానికి ఆ యంత్రం గీసిచ్చిన స్పెక్ట్రమ్ పట్టుకొని సంబరంగా వచ్చాడట. 2.17 దగ్గర పదునైన గీత ఉంది, మిథైల్ గ్రూపు వచ్చేసింది, పత్రం రాసేస్తానన్నాడట. ఈయన దాన్ని ఒక్కసారి చూసి, "నాయనా, అది నీ పదార్థం కాదు, ట్యూబు కడిగిన అసిటోన్. ఆరబెట్టి మళ్లీ తీసుకురా" అన్నారట. మేమందరం నవ్వాం. ఆ ఒక్క మాటతో ఒక తప్పుడు పత్రం పుట్టకుండా ఆగిపోయింది. పుట్టని పత్రానికి మా కాగితంలో గడి లేదు. ఆ విభాగం నుంచి వచ్చిన పత్రాల చివర కృతజ్ఞతల పేరాలో ఆయన పేరు ఉంటుంది. కృతజ్ఞతలకూ గడి లేదు. ఆయనకు ఉద్యోగం రాలేదు. ఆ కాగితం మీద నా సంతకం ఉంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మీ 2018 నిబంధనల రెండో అనుబంధంలోని పాయింట్ల పట్టిక ముందు పెట్టుకొని, పెన్సిలు తీసుకొని ఒక లెక్క వేశాను. నా లెక్కలో అభ్యర్థి జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895లో, భీమవరంలో. జతచేసిన పత్రాలు మూడు.

మొదటిది 1925 నాటిది. హార్వర్డ్‌లో తన సహచరుడు సైరస్ ఫిస్కేతో కలిసి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో రాసినది. ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు చూసి తేల్చే పద్ధతి. ఆమ్లం కలిపిన ద్రావణంలో మాలిబ్డేటు పోస్తే అది ఫాస్ఫేటును పట్టుకుంటుంది. ఆపైన అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే పరీక్షనాళికలో మెల్లగా నీలం కమ్ముకుంటుంది. ఫాస్ఫేటు ఎక్కువయ్యేకొద్దీ నీలం చిక్కబడుతుంది. ప్రాక్టికల్స్‌లో ఏటా ఈ నీలాన్ని చూశాను. పిల్లలు దాన్ని "ఫిస్కే-సుబ్బారావ్ మెథడ్" అని రికార్డులో రాసుకుంటారు. ఆ సుబ్బారావు భీమవరం మనిషని చెబితే సగం మంది నమ్మరు. రెండో పత్రం 1927లో సైన్స్ పత్రికలో వచ్చింది. కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చెప్పినది. మూడోది అదే పత్రికలో 1929లో వచ్చింది. అది ఏటీపీ పత్రం. మన ఒంట్లో ప్రతి కణమూ శక్తిని ఖర్చు పెట్టే నాణెం అదే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని విడిగా పట్టుకున్నారు.

ఇక మీ పట్టిక. సైన్సు పత్రానికి 8 పాయింట్లు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2కూ 5కూ మధ్య ఉంటే అదనంగా 20, పది దాటితే 30. రచయితలు ఇద్దరైతే ఒక్కొక్కరికి 70 శాతం. 1925లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నదే లేదు కాబట్టి ఆ జర్నళ్లకు ఇప్పుడున్నదే ఉదారంగా వేశాను. మొదటి పత్రానికి 28లో 70 శాతం, అంటే 19.6. మిగతా రెండింటికీ 38లో 70 శాతం చొప్పున 26.6. మొత్తం 72.8.

అసోసియేట్ ప్రొఫెసర్‌కు కావలసింది 75.

ఆయన ఇంకా పత్రాలు రాశారు కదా, అవి కలిపితే దాటిపోతారు కదా అంటారేమో. దాటిపోతారు, కాదనను. నాకు అభ్యంతరం ఆ 26.6 మీదే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని జర్నల్లో ఒక్కరే రాసిన పత్రానికి మీ పట్టిక 13 ఇస్తుంది. అలాంటివి రెండు రాసినవారు ఏటీపీకి దాదాపు సమానం, మూడోది రాశారా, ఏటీపీని దాటిపోయినట్టే. ఆ మూడింటినీ ఎవరూ చదవకపోయినా సరే.

పోనీ సైటేషన్లు లెక్కపెడదామా అంటే అక్కడా చిక్కే. ఒక పద్ధతి ఎంత బాగా నాటుకుంటే దాని మూల పత్రాన్ని పేర్కొనడం అంత తగ్గిపోతుంది. ఫాస్ఫేటు కిట్టు కొన్నవారు కిట్టు కంపెనీ పేరు రాస్తారు, 1925 ఊసు ఎత్తరు. చరిత్రలో అత్యధికంగా ఉటంకింపబడిన పత్రం కూడా ఇలాంటి నీలం రంగు పద్ధతే. ప్రోటీన్లు కొలవడానికి 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు ఇచ్చినది. మూడు లక్షలకు పైగా సైటేషన్లు. అదేమీ గొప్ప పత్రం కాదని లౌరీయే అన్నారు. ఆ లక్షలు చూసి ఆయన మురిసిపోయినా, మోసపోలేదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను తయారుచేసిన యూజీన్ గార్ఫీల్డ్ చదివిందీ కెమిస్ట్రీయే. తన సైటేషన్ సూచికలో ఏ జర్నళ్లను చేర్చాలో తేల్చుకోవడానికి ఆయనకు ఒక కొలబద్ద కావలసివచ్చింది. జర్నల్ గడచిన రెండేళ్లలో వేసిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు అది. జర్నల్‌కు పెట్టిన మార్కు, మనిషికి పెట్టింది కాదు. సగటు ఎంత మాయ చేస్తుందో స్ఫటిక శాస్త్రం వారికి బాగా తెలుసు. జార్జ్ షెల్డ్రిక్ 2008లో, స్ఫటికాలలో పరమాణువుల అమరికను తేల్చే తన షెల్‌ఎక్స్ ప్రోగ్రాముల చరిత్ర రాశారు. ఆ ప్రోగ్రాము వాడిన ప్రతివారూ దాన్ని పేర్కొన్నారు. దెబ్బకు ఆక్టా క్రిస్టలోగ్రాఫికా అనే జర్నల్ ‘ఎ’ విభాగం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో 2.051 ఉన్నది 2009లో 49.926 అయింది. రెండేళ్ల కిటికీ మూసుకోగానే మళ్లీ రెండు దగ్గరికి దిగి వచ్చింది. ఈ మధ్యలో అదే జర్నల్లో మరేదో రాసుకున్న అమాయకుడికి మీ పట్టిక ప్రకారం 20కి బదులు 30. షెల్డ్రిక్ గారి పుణ్యమా అని పది పాయింట్లు ఆయన ఖాతాలో పడతాయి.

హెచ్-ఇండెక్స్ సంగతీ ఇంతే. 2005లో దీన్ని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. మనిషి కృషికి ఒక్క అంకె ఉజ్జాయింపుగా తప్ప సరిపోదని ఆయన ఆ పత్రంలోనే రాశారు. 2020లో మరింత ముందుకు వెళ్లి, తన సూచిక ఘోరంగా విఫలం కాగలదనీ తాను ఊహించని చెడు ఫలితాలు ఇవ్వగలదనీ ఒప్పుకున్నారు. మన దరఖాస్తు ఫారాలు మాత్రం హిర్ష్ కంటే హిర్ష్ మీద ఎక్కువ నమ్మకంతో ఉన్నాయి. వెయ్యేసి సైటేషన్లు ఉన్న మూడు పత్రాల మనిషికి హెచ్ మూడే. ఇరవయ్యేసి సైటేషన్లు ఉన్న ఇరవై పత్రాల మనిషికి ఇరవై. పైగా ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక హెచ్, స్కోపస్‌లో ఒకటి, వెబ్ ఆఫ్ సైన్స్‌లో మరొకటి. ఏది రాయాలో ఫారం చెప్పదు, కాబట్టి అందరూ పెద్దదే రాస్తారు. నానో పదార్థాల వారికి ఏడాది తిరగకుండా వచ్చే సైటేషన్లు, ఒక మొక్క నుంచి తీసిన అణువును ముప్పై అంచెలలో కట్టేవారికి పదేళ్లకూ రాకపోవచ్చు. ఇద్దరూ కెమిస్ట్రీ విభాగమే, ఇద్దరికీ ఒకే కాగితం.

మన హైదరాబాదులోనే చూడండి. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఏ.వీ. రామారావు గారి బృందం ఎయిడ్స్ మందు ఏజడ్‌టీని ఇక్కడే చౌకగా తయారుచేసే పద్ధతి కనిపెట్టింది, సిప్లా దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఇలాంటి పనికి మందుల దుకాణం ధరలలో విలువ కనిపిస్తుంది గానీ సైటేషన్లలో కాదు. మీ పట్టికలో అంతర్జాతీయ పేటెంటుకు 10, దేశీయ పేటెంటుకు 7. పైన చెప్పిన ఎవరూ చదవని పత్రానికి 13 అని మరచిపోవద్దు.

అంకెకు పదోన్నతి కట్టబెడితే అంకెలు పండించేవారు బయలుదేరతారు. తిరుపతిలో ఒక రసాయన శాస్త్ర ఆచార్యుడు 2004-2007 మధ్య వేసిన సుమారు 70 పత్రాలు కాపీ కొట్టినవీ కల్పించినవీ అని 2008లో బయటపడి దేశమంతా తలదించుకుంది. అవి పాతిక జర్నళ్ల వడపోత దాటి వచ్చినవే. 2018 మేలో మీరే మీ ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేశారు. అంతవరకు వాటిలో అచ్చయినవాటికి పాయింట్లు వేసిందీ మనమే. ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. స్పెయిన్‌లోని కోర్దోబా విశ్వవిద్యాలయం తమ రసాయన శాస్త్రవేత్త ఒకరిని 13 ఏళ్ల పాటు సస్పెండ్ చేసింది. అక్కడ పూర్తికాలపు ఉద్యోగం చేస్తూ పత్రాల మీద విదేశీ సంస్థల పేర్లూ వేసుకున్నారని అభియోగం. 2023లో ఆయన సగటున 37 గంటలకొక పత్రం ప్రచురిస్తున్నారని పత్రికలు లెక్కకట్టాయి. నాకు 37 గంటలలో ప్రయోగశాలలో ఒక రిఫ్లక్స్ (మరిగించడం), ఒక కాలమ్ (శుద్ధి చేయడం) పూర్తయ్యేవి, అదీ కరెంటు ఉంటే.

ఇంత చెప్పాక ఎదుటి పక్షం మాట కూడా చెప్పకపోతే అన్యాయం. నా విద్యార్థిని ఒకామె కూలి పనులు చేసుకునే ఇంటి నుంచి వచ్చింది. ఆమె తరఫున ఫోను చేసేవారు లేరు. ఆమెకు ఉద్యోగం వచ్చింది కేవలం పాయింట్ల వల్ల. కాగితం మీద అందరికంటే పైన ఉన్న పేరును కొట్టేయడానికి కమిటీకి ధైర్యం చాలలేదు. అంకెలు లేని రోజులలో ఆ గదిలో ఏం నడిచేదో నాకు తెలుసు. కులం, జిల్లా, గైడు పలుకుబడి. అంతెందుకు, సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం ఇవ్వనివారి దగ్గర ఏ పాయింట్ల పట్టికా లేదు. ఆయన 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. మనుషుల చేతికి వదిలేస్తే న్యాయం దానంతట అదే జరుగుతుందని నేను అనను.

అయితే 2025 జనవరిలో మీరు విడుదల చేసిన ముసాయిదా ఈ పట్టికను పక్కన పెట్టి, తొమ్మిది రకాల విశేష కృషిలో కనీసం నాలుగు చూపమంది. అందులో ప్రయోగశాల అభివృద్ధి కూడా ఉందని చదివినప్పుడు ఆ ఎన్‌ఎంఆర్ మనిషే గుర్తొచ్చారు. మరుసటి నెలలో ఆమోదిత జర్నళ్ల కేర్ జాబితానూ ఎత్తేశారు. మంచిదే. కానీ పట్టిక పోయిన చోట ఏది వస్తుందన్నదే నా భయం. "విశేష" అన్న మాటకు ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో పట్టిక తయారుచేసుకుంటుంది, లేదా పాత ఫోను పిలుపులు తిరిగి వస్తాయి.

కాబట్టి నేను అడిగేది చదవమని. అభ్యర్థి తన పనులలో ఐదింటిని తానే ఎంచుకోవాలి. పత్రం కావచ్చు, పేటెంటు కావచ్చు, ఫ్యాక్టరీలో నడుస్తున్న తయారీ పద్ధతి కావచ్చు, నిలబెట్టిన యంత్రం కావచ్చు. ఆ ఐదింటినీ బయటి నిపుణులు ఇద్దరు ఇంటర్వ్యూకు నెల ముందే చదివి, ఇందులో కొత్తదేమిటి, దీన్ని ఎవరు వాడుకుంటున్నారు, ఇందులో ఈ అభ్యర్థి చేతిపని ఎంత అని రెండేసి పేజీలు రాసి కింద సంతకం పెట్టాలి. ఎంపికైనవారివే కాదు, కానివారి మీద రాసినవీ వారి చేతికి ఇవ్వాలి, వారు ఒప్పుకుంటే విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫోను అందుకుని ఒక పేరు పైకి జరపడం సులువు. ఆ పేరు కింద తన పేరుతో రెండు పేజీలు రాయడం అంత సులువు కాదు. హెచ్-ఇండెక్స్ కావాలంటే ఉంచుకోండి, ఏ డేటాబేసులో ఏ తేదీన చూశారో, ఆ ఉపశాఖలో అదే వయసువారికి మామూలుగా ఎంత ఉంటుందో పక్కన రాయించండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడిని మాత్రం తీసేయించండి. నిపుణులకు దీనికి పారితోషికం ఇవ్వాలి, వారం రోజులు పడుతుంది. పడనివ్వండి, ముప్పై ఏళ్ల ఉద్యోగం అది.

ముసాయిదా మీద అభిప్రాయాలు పంపడానికి మీరిచ్చిన గడువు ఎప్పుడో ముగిసిందని తెలుసు. అయినా పంపుతున్నాను. 1925 నాటి ఫాస్ఫరస్ పత్రం ప్రతి ఒకటి దీనితో జతచేశాను, 26 పేజీలు. తాడు కట్టలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రసాయన శాస్త్ర అధ్యాపకుడు