ఆ ఆఖరి తలుపు మూయకుండా ఉండాల్సింది

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో శరణు కోరేవాళ్ళ మాట వస్తే చాలు, "ఒకసారి కాదన్నాక మళ్ళీ మళ్ళీ కోర్టుకెళ్ళడమేంటి" అని మనవాళ్ళే అంటుంటారు. హైకోర్టులో ఏళ్ళుగా రిట్లు వేస్తున్నవాణ్ణి కాబట్టి ఆ మాట దగ్గర ఊరుకోలేను. బ్రిటన్ సంగతే తీసుకోండి.

అక్కడ హోం ఆఫీసు శరణు దరఖాస్తును తిరస్కరిస్తే మొదటి ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ ఓడినవాడు పై ట్రిబ్యునల్‌కు పోవాలంటే ముందు కింది ట్రిబ్యునల్‌నే అనుమతి అడగాలి, అది ఇవ్వకపోతే పై ట్రిబ్యునల్‌ను అడగాలి, అదీ ఇవ్వకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు 2011లో కార్ట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. హైకోర్టుకు రావచ్చు, కానీ కేసులో ముఖ్యమైన న్యాయసూత్రమో, పక్కన పెట్టలేనంత బలమైన కారణమో ఉండాలి. (కార్ట్‌ది పిల్లల పోషణ ఖర్చు గొడవ, తర్వాత ఆ దారిన వచ్చినవి మాత్రం ఎక్కువగా ఇమిగ్రేషన్, శరణు కేసులే.) గడువు 16 రోజులు. కాగితాలు చూసి జడ్జి వద్దంటే ఇంకోసారి వాదించుకునే అవకాశం కూడా ఉండేది కాదు. జల్లెడ అప్పటికే అంత సన్నగా ఉంది!

అదీ చాలలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ 2021లో, ఆ దారిన వచ్చిన 5,502 దరఖాస్తుల్లో నెగ్గినవి 12 మాత్రమే, అంటే 0.22 శాతం అంది. తీర్పు కాపీలు దొరికినవాటినే నెగ్గినవిగా లెక్కేశారు, నెగ్గినవాటిలో చాలావాటికి పెద్ద తీర్పే రాయరు కాబట్టి అవి లెక్కలోకి రాలేదని అక్కడి న్యాయనిపుణులు పట్టుకున్నారు. చివరికి ప్రభుత్వమే దాదాపు 3 శాతం అని ఒప్పుకుంది. ఏటా 750 కేసులు వచ్చేవన్న అంచనా ప్రకారం చూస్తే ఇరవై మందికి పైనే. వాళ్ళందరికీ శరణు దొరికిందని కాదు, పై ట్రిబ్యునల్ కాదనడం తప్పని తేలిందంతే. అయినా 2022 చట్టంతో ఆ దారి మూసేశారు. ఆ ఏడాది జులై 14 తర్వాత పై ట్రిబ్యునల్ అనుమతి ఇవ్వకపోతే, సహజ న్యాయాన్ని (మనిషి మాట సరిగా వినకుండానే తేల్చేయకూడదన్న నియమం లాంటివి) ఘోరంగా ఉల్లంఘించడం లాంటి అరుదైన సందర్భాల్లో తప్ప, కథ అక్కడితో సరి.

కాలయాపన కోసం కేసులు వేసేవాళ్ళు లేరని నేననను, ఉంటారు. మా దగ్గరా ఉన్నారు. కానీ నేను చూసిన ఒక పెన్షన్ కేసులో సర్వీసు రిజిస్టరులోని ఒక్క పేజీ ఎవరూ చూడకుండానే పిటిషన్ కొట్టేశారు, రిట్ వేస్తేనే ఆ పేజీ బయటికొచ్చింది. పెన్షన్ అయితే ఆలస్యంగానైనా బకాయిలతో సహా ఇప్పించవచ్చు. జైల్లో పెట్టి కొట్టే దేశానికి మనిషిని విమానం ఎక్కించి పంపేశాక తప్పు తెలిస్తే ఎవరు దిద్దుతారు?

మన దగ్గర ఇదే ప్రశ్న వేరేలా తేలింది. ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు గొడవలకు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునళ్ళు పెట్టి, వాటిపై హైకోర్టుల అధికారం తీసేసినప్పుడు, అందులో ఓడిన చిన్న ఉద్యోగి ఢిల్లీ సుప్రీంకోర్టుకే పోవాల్సి వచ్చేది. అది చెల్లదని 1993లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. 1997లో చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం అదే నిలబెట్టి, హైకోర్టు సమీక్షాధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమంది, అంటే పార్లమెంటు కూడా తీసేయలేనిదని. బ్రిటన్‌లో పార్లమెంటుదే పైచేయి, అందుకే 2023లో అక్కడి అప్పీలు కోర్టు చట్టంలోని మాట స్పష్టంగా ఉందంటూ మూతను ఖాయం చేసింది.

మీకు నా విన్నపం ఒక్కటే. "ఇన్నిసార్లు కోర్టుకెళ్ళాడు" అని వార్త వేసేటప్పుడు, అందులో ఎన్నిసార్లు పూర్తి విచారణ జరిగిందో, ఎన్నిసార్లు అనుమతి దగ్గరే ఆగిపోయిందో కూడా దయచేసి రాయించండి.

ఇట్లు,
ఒక న్యాయవాది, హైదరాబాద్