పాప కంటి గురించి నువ్వడిగిన దానికి

ఒరేయ్ రవీ,

పాపకి కెరటోకోనస్ అనే కంటిజబ్బు ఉందన్న నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ తన గురించే ఆలోచిస్తున్నాను. "ఇన్‌ఫెక్షన్ లేదంటున్నారు, దెబ్బా తగల్లేదు, మరి కార్నియా ఆకారం ఎందుకు మారిపోతోంది?" అని అడిగావు. కార్నియా అంటే కంటి నల్లగుడ్డు మీద ముందువైపు ఉండే పారదర్శకమైన పొర. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

కంటి లోపలి ద్రవం రాత్రీ పగలూ గోడల్ని బయటికి తోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. దాన్ని తట్టుకుని కార్నియా తన వంపు నిలుపుకోవాలి. మధ్యలో దాని మందం 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. ఆ మందంలో దాదాపు 90 శాతం కొలాజెన్ పోగుల పొరలే. ఈ పోగులు ఒకదానితో ఒకటి ఎంత గట్టిగా పెనవేసుకున్నాయన్న దాన్నిబట్టి కార్నియా బలం ఉంటుంది.

కెరటోకోనస్‌లో ఒకచోట ఆ అల్లిక సడలుతుంది. లోపలి ఒత్తిడి మామూలుగానే ఉన్నా ఆ భాగం ముందుకు ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ పలచబడుతుంది, పలచబడితే అదే ఒత్తిడికి అక్కడి పోగుల మీద లాగుడు ఇంకా పెరుగుతుంది. దాంతో మళ్లీ ఉబ్బు. పాపకి సిలిండర్ పవర్, అంటే కార్నియా వంపు అన్నివైపులా ఒకేలా లేనందుకు అద్దాల్లో ఇచ్చే పవర్, అస్తమానం మారడానికి కారణం ఇదేరా.

అందుకే ఒక్కటి బతిమాలి చెబుతున్నాను, పాపని కళ్లు నులుముకోనివ్వకు. నులిమినప్పుడల్లా లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, పైగా ఆ బలహీనమైన చోటే నలుగుతుంది. అయితే దురద పెడుతుంటే "నులమకు" అని కసిరితే ఏం లాభం? అలర్జీ ఉందేమో చూపించి, డాక్టర్‌ని అడిగి చుక్కలు వేయించు. బోర్లా పడుకుని కన్ను దిండుకి ఆనించే అలవాటు ఉంటే అదీ మాన్పించు.

క్రాస్ లింకింగ్ చికిత్స అంటే భయపడుతున్నావు కదా. జర్మనీలోని డ్రెస్డెన్‌లో దాన్ని రూపొందించారు, మనుషుల మీద తొలి ఫలితాలు 2003లో వచ్చాయి. కార్నియా పై పొర తీసి, బి2 విటమిన్ అయిన రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. మొదటి పద్ధతిలో ఆ కాంతి 30 నిమిషాలు. దాంతో కొలాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా బిగుసుకుంటుంది. ఒక రోగాన్ని మందుతో చంపకుండా కణజాలాన్ని గట్టిపరిచి ఆపడం నాకు ఎప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది. కానీ ఆశ ఎక్కువ పెట్టుకోకు. ముదరకుండా ఆపడమే దాని పని, అద్దాలో కాంటాక్ట్ లెన్సులో తర్వాత కూడా కావాలి.

ఇక అమ్మ సంగతి. కంటి ప్రెషర్ 18 ఉంది, నార్మలే అన్నారని రాశావు. కార్నియా మందం కొలిచారా? సైకిల్ టైరుని బొటనవేలితో నొక్కి గాలి చూస్తాం కదా, టైరు రబ్బరే పలచగా ఉంటే గాలి ఎంతున్నా మెత్తగా అనిపిస్తుంది. కంటి ప్రెషర్ కూడా కార్నియాని నొక్కే చూస్తారు. అలా ప్రెషర్ కొలిచే గోల్డ్‌మన్ పరికరం సుమారు 520 మైక్రాన్ల మందాన్ని లెక్కలోకి తీసుకుని తయారైంది. అంతకంటే పలచని కార్నియాలో అసలు ఒత్తిడి కంటే తక్కువ అంకె చూపించవచ్చు. పైగా 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, కంటి ప్రెషర్ ఎక్కువున్న వాళ్లలో మందం 555 మైక్రాన్లకు మించని వారికి, 588 దాటిన వారికంటే గ్లకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు) ముప్పు మూడింతలని తేలింది.

గ్లకోమాలో అసలు దెబ్బ తగిలేది కంటి వెనక. సుమారు 10 లక్షల నరాల పోగులు కంట్లోంచి బయటికి వెళ్లేచోట రంధ్రాలున్న సన్నని పొర ఉంటుంది. ఒత్తిడికి అది వెనక్కి వంగితే ఆ రంధ్రాల గుండా వెళ్లే పోగులు నలుగుతాయి. ఒకే ప్రెషర్‌కి ఒకరి నరం చెక్కుచెదరదు, ఇంకొకరిది పాడవుతుంది. ప్రెషర్ నార్మల్‌గా ఉన్నా గ్లకోమా వచ్చేవాళ్లు అందుకే ఉన్నారు. అమ్మకి నరం స్కాన్, చుట్టుపక్కల చూపు ఎంతవరకు ఉందో చూసే విజువల్ ఫీల్డ్ పరీక్ష కూడా చేయించు.

అలాగని కణజాలం గట్టిపడితే మంచిదే అనుకోకు. మనకు నలభై దాటాక వచ్చే చత్వారానికి ముఖ్య కారణం లోపలి లెన్స్ బిగుసుకుపోవడమే. మెత్తదనం ఉండాల్సిన చోట అదే ఉండాలి.

మీ చిన్నాడు అద్దాలు వదిలించుకోవడానికి లేసిక్ ఆపరేషన్ చేయించుకుంటానంటున్నాడు కదా, వాణ్ణి ఆపు. అక్కకి కెరటోకోనస్ ఉంటే తమ్ముడికీ ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. అద్దాలు బాగానే పనిచేస్తున్నా లోపల మొదలై ఉండొచ్చు. లేసిక్ అంటే కార్నియాని ఇంకా పలచన చేయడం, బలహీనంగా ఉన్నదాన్ని పలచన చేస్తే ఉబ్బు ముదురుతుంది. ముందు కార్నియా ఆకారాన్ని మ్యాపులా చూపే టోపోగ్రఫీ తీయించు.

పాప పాత రిపోర్టులన్నీ తీసి తేదీల వారీగా పెట్టి, కె-మాక్స్ అంకె (కార్నియా అన్నిటికంటే ఎక్కువ వంపు తిరిగిన చోటి కొలత), అన్నిటికంటే పలచని చోట మందం, ఈ రెండూ ఒక కాగితం మీద రాయి. అవి ఎంత మారుతున్నాయో చూసే క్రాస్ లింకింగ్ ఎప్పుడు చేయాలో డాక్టర్ తేలుస్తారు. మామూలు పద్ధతికి కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. ఈ వయసులో జబ్బు వేగంగా ముదురుతుంది, కాబట్టి చదువు పరీక్షలయ్యాక చూద్దాంలే అనకు. ఆ కాగితం ఫొటో తీసి నాకూ పంపు.

నీ
ప్రసాద్