మీల్ మేకర్ నీళ్లు పిండమని ఎందుకు రాయలేదు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పుస్తకంలో వేసిన మీల్ మేకర్ బఠానీ మసాలా కూర చదివాను. నేను కర్నూలు సి.క్యాంపు దగ్గర చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నా. ఈ కూర మా దగ్గర వారంలో రెండు మూడు రోజులు ఉంటుంది, కార్తీకమాసం వచ్చిందంటే రోజూ ఉండాల్సిందే. లేకపోతే మామూలుగా కోడికూర కొనేవాళ్లంతా ముఖం మాడ్చుకుని పోతారు. మీరు వేసిన వంట చూసి ఇంట్లో చేసుకున్నవాళ్లు కొందరు మా కౌంటర్ దగ్గరికొచ్చి, "అన్నా, పేపర్లో ఉన్నట్టే చేసినాం, ఏందో వాసన కొడుతోంది, ముక్క చప్పగా ఉంది, నువ్వు ఏం వేస్తావో చెప్పు" అని అడుగుతున్నారు. నేను కొత్తగా వేసేదేం లేదు, నీళ్లు తీసేస్తానంతే అని చెప్తే నమ్మడం లేదు. పేపర్లో రాయలేదు కదా అంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మీ వంటలో "మీల్ మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి పక్కన పెట్టుకోవాలి" అని ఒక్క ముక్కతో సరిపెట్టి, మిగతా జాగా అంతా జీడిపప్పు పేస్టుకూ, ఫ్రెష్ క్రీముకూ, కసూరి మేతికీ ఇచ్చారు. ఈ కూరలో పని ఉన్నదే ఆ ఒక్క ముక్కలో సార్. సోయా గింజల్లోంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని మిషన్లో బాగా వేడి మీద, ఒత్తిడి మీద బయటికి నెడితే అది ఉబ్బి ముక్కలవుతుంది, దాన్ని ఆరబెట్టి ప్యాకెట్లలో పోస్తారు. అందుకే ముక్క లోపలంతా గుల్లగా ఉంటుంది. ముందు ఏది దొరికితే దాన్ని కడుపునిండా తాగేస్తుంది, తర్వాత ఇంకేం పోసినా లోపలికి పోనివ్వదు. నానబెట్టి అట్లాగే కూరలో వేశారనుకోండి, పైన మసాలా, కొరికితే లోపల ఉత్త నీళ్లు. పైగా ఆ నీళ్లలోనే సోయా వాసనంతా ఉంటుంది. కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు కూడా నీళ్లలో కరిగేవే కాబట్టి వాటిలో కొంతైనా ఆ ఉడికిన నీళ్లతో పోతుంది. ఆ నీళ్లను "పారబోయకుండా కూరలో వాడుకోవచ్చు" అని మొన్న ఒకాయన సలహా ఇచ్చాడు, ఆయన ఇంట్లో ఆ కూర ఎవరు తిన్నారో మరి.

మేము చేసేది ఇది. వంద గ్రాముల మీల్ మేకర్‌కు లీటరు నీళ్లు మరగబెట్టి, అందులో చెంచాడు ఉప్పు వేసి, ముక్కలు వేసి ఐదారు నిమిషాలు ఉడకనిస్తాం. ఉప్పు ఇక్కడే వేస్తే ముక్క లోపలికీ కాస్త పడుతుంది. తర్వాత వంచేసి, చల్లనీళ్లు పోసి కలిపి, చేతికి కొన్ని కొన్ని తీసుకుని తడిబట్ట పిండినట్టు పిండాలి. మొదటిసారి నీళ్లు పసుపుపచ్చగా, నురుగునురుగుగా వస్తాయి. మళ్లీ చల్లనీళ్లు, మళ్లీ పిండడం. మూడోసారికి దాదాపు తేటగా వస్తుంది, అప్పుడు ఆపొచ్చు. ముక్క విరుగుతుందేమో అని భయపడొద్దు, గట్టిగా పిండినా చెయ్యి వదలగానే మళ్లీ తన ఆకారానికి వస్తుంది. పెద్ద ముక్కలైతే పిండాక సగానికి కోసుకోండి, నానకముందు కోస్తే పొడి రాలుతుంది. ఆ పిండిన ముక్కల్ని రెండు చెంచాల నూనెలో కాస్త పసుపు, కారం వేసి అంచులు ఎర్రబడేదాకా వేయించి తీసిపెట్టుకుంటే సగం కూర అయినట్టే. హాస్టళ్లలో పిల్లలు పలావులోంచి మీల్ మేకర్ ఏరి పక్కన పడేస్తున్నారని తల్లిదండ్రులు బాధపడతారు. పిండే ఓపిక లేక ప్యాకెట్ చించి ఎసట్లోనే వేసేస్తే పిల్లలు మాత్రం ఏం చేస్తారు?

ఇక బఠానీ. మీరు "పచ్చి బఠానీ ఒక కప్పు" అని రాశారు. అది చలికాలంలో మాట. మిగతా రోజుల్లో మాలాంటి ఊళ్లలో ఉంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టింది, లేకపోతే ఎండు బఠానీ. ఎండుదే మేలంటాను నేను, అన్నం పక్కన గట్టిగా నిలుస్తుంది. రాత్రి నానేసి పొద్దున కుక్కర్లో కాస్త ఉప్పేసి మూడు నాలుగు విజిల్స్ రానిస్తే చాలు. దీనిలో రెండు సంగతులు మీ పేజీలో ఎప్పుడూ కనబడవు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట బఠానీ ఎంతసేపైనా మెత్తబడదు, ఆ నీళ్లలోని సున్నం గింజ తోలును గట్టిపరుస్తుంది. అక్కడ తాగే నీళ్లతో నానేసుకోవాలి, లేకపోతే చిటికెడు వంటసోడా వేసుకోవాలి. రెండోది, టమాటా, చింతపండు లాంటి పులుపు తగిలాక బఠానీ ఇక ఉడకదు. అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి మూత పెట్టెయ్యమని వీడియోల్లో చెప్పేవాళ్ల మాట విని, గింజ రాయిలా ఉందని దుకాణం వాడిని తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. (పాత బఠానీ అయితే మాత్రం దుకాణం వాడిని తిట్టాల్సిందే.)

ఆకుపచ్చగా మెరిసిపోయే బఠానీ చూసి మోసపోవద్దని కూడా ఒక మాట వేసి ఉంటే బాగుండేది. రంగు కలిపారో లేదో తెలుసుకోవడానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పిన పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్లాసులో కొన్ని గింజలు వేసి నీళ్లు పోసి కలిపి అరగంట వదిలేస్తే, రంగు వేసిన గింజలైతే నీళ్లు ఆకుపచ్చగా మారతాయి.

ఇప్పుడు క్రీము సంగతి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చదివే పేపరు మీది. మా పొలాల్లో శెనక్కాయ, మా వంటింట్లో ఎండుకొబ్బెర, గసాలు, పుట్నాల పొడి ఎప్పుడూ ఉండేవే. గుప్పెడు శెనక్కాయ విత్తనాలు దోరగా వేయించి పొట్టు తీసి, రెండు చెంచాల ధనియాలు, చెంచా గసాలు, నాలుగు లవంగాలు, చిన్న చెక్క, ఇంత ఎండుకొబ్బెర కలిపి నూరితే వచ్చే చిక్కదనం ఏ క్రీములో వస్తుందో చెప్పండి. జీడిపప్పు తినకూడదని అనడం లేదు, పెళ్లికి వేసుకుంటాం. రోజువారీ కూరకు జీడిపప్పు, క్రీము అని రాస్తే చదివినవాళ్లు "ఇది మనవల్ల కాదులే" అని పేజీ తిప్పేస్తారు. శెనక్కాయ ముద్ద మాత్రం చివర్లో వెయ్యాలి. ఎర్రగడ్డలు ఎర్రగా వేగి, తెల్లగడ్డ అల్లం పచ్చివాసన పోయి, టమాటా మగ్గి నూనె పైకి తేలాక, వేయించిన ముక్కలూ ఉడికిన బఠానీ వేసి, బఠానీ ఉడికిన నీళ్లే పోసి పది నిమిషాలు సన్నమంట మీద ఉంచి, అప్పుడు వేసి కలుపుతూ ఉండాలి. ముందే వేస్తే అడుగంటి కూరంతా మాడువాసన. దించాక పావుగంట మూతపెట్టి వదిలేస్తే పిండిన ముక్క ఆ పులుసంతా లాగేసుకుంటుంది. కూర గట్టిపడిందని కంగారుపడకుండా కాసిని వేడినీళ్లు కలుపుకోవాలి. వేడి జొన్నరొట్టెలోకి దీన్ని మించింది లేదని నా దగ్గర కొనేవాళ్లు అంటారు, అమ్ముకునేవాడిని కాబట్టి నేనంటే బాగుండదు.

అన్నట్టు, టమాటా ప్యూరీ ప్యాకెట్ ఒకటి అని రాశారు చూడండి, అది చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పత్తికొండ మార్కెట్లో ధర లేక రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోసిన ఫోటోలు వేసేది మీ పేపరే. అదే పేపర్లో టమాటాను ప్యాకెట్లో కొనమంటారు. ధర మండిపోయిన రోజుల్లో, 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు, మేము చింతపండు పులుసుతో, కాస్త పెరుగుతో నడిపాం. ఎవరూ తక్కువైందని అనలేదు. కాయలు దొరికినప్పుడు కాయలు, దొరకనప్పుడు చింతపండు అని రాస్తే సరిపోయేది.

ఇంకొకటి, పెట్టె కట్టి మరీ వేశారు: "100 గ్రాముల మీల్ మేకర్‌లో 52 గ్రాముల ప్రొటీన్, మటన్ కంటే రెట్టింపు." అంకె తప్పు కాదు, కానీ అది ఎండు ముక్కల లెక్క. నానితే ఆ వంద గ్రాములే రెండున్నర మూడింతల బరువవుతుంది, ప్రొటీన్ మాత్రం అదే ఉంటుంది. అంటే ప్లేటులో పడిన వంద గ్రాముల తడి ముక్కల్లో ఉండేది 17 నుంచి 20 గ్రాములు, మాంసానికి కాస్త అటూ ఇటూ. మా దగ్గర జిమ్‌కు పోయే కుర్రాళ్లు ఈ పెట్టె ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి రెండు ప్యాకెట్లు కట్టించుకుంటున్నారు, నాకు వ్యాపారమే కానీ లెక్క తప్పుగా పోకూడదు కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పినా తక్కువేం కాదు. నలుగురికి వండిన కూరలో ఒక్కొక్కరికి ఎండు లెక్కన పాతిక గ్రాముల మీల్ మేకర్ వస్తే 13 గ్రాములు, అంతే ఎండు బఠానీతో ఇంకో ఐదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 65 కిలోల మనిషికి రోజుకు 54 గ్రాములు కావాలి, అందులో మూడోవంతు ఒక్క కూరతో అయిపోతోంది. జొన్నలో తక్కువయ్యే లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక ముఖ్యమైన భాగం) సోయాలో, బఠానీలో బాగా ఉంటుంది కాబట్టి రొట్టెతో తింటే ఇంకా మంచిది. ఇదంతా ఆ పెట్టెలోనే పట్టేది.

మీరు ఎట్లాగూ కార్తీకమాసానికి మళ్లీ ఈ కూర వేస్తారు. అప్పుడు ఎండు బరువు ఎంతో, నీళ్లు ఎన్నో, ఎన్నిసార్లు పిండాలో, పులుపు ఎప్పుడు వెయ్యాలో రాయండి. క్రీము తప్పదనుకుంటే "ఇష్టముంటే" అని పక్కన చేర్చండి. ఫోటో కోసం పైన గీతలు గీతలుగా పోసే ఆ తెల్లది తీసేసినా కూర ఫోటో బాగానే వస్తుంది, కావాలంటే మీ ఫోటోగ్రాఫర్‌ను మధ్యాహ్నం పన్నెండు లోపల మా దగ్గరికి పంపండి, ఆ తర్వాత గిన్నె ఖాళీ.

ఇట్లు
మీ పాఠకుడు, ఒక కర్రీ పాయింట్ యజమాని
సి.క్యాంపు, కర్నూలు