నీ పెళ్లికి ఎందుకు రాలేదంటే

ఒరేయ్ మిత్రమా,

కవరు లావు చూసి అప్పు అడుగుతున్నాననుకోకు. ఇది నేను నీకు తీర్చాల్సిన బాకీ. పెళ్లికి రాలేదని ఏడాదిపాటు నాతో మాట మానేశావు. ఆఫీసులో ఆడిట్ ఉంది, సెలవు దొరకలేదు అని అప్పట్లో చెప్పాను. ఆడిట్టూ లేదు, ఏమీ లేదు. టిక్కెట్టు కొన్నాను, కొత్త చొక్కా ఇస్త్రీ చేయించాను, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను కూడా. దారిలో ఎక్కడ ఆపుతారని అడిగితే, మూడు గంటల తరువాత ఒక్కచోట అన్నాడు డ్రైవరు. ఆ రోజుల్లో ఇరవై నిమిషాలు ఆపుకోగలిగితే నాకు అదే గొప్ప. బస్సు కదిలేలోపు సంచీ పట్టుకుని దిగిపోయాను. నీ పెళ్లి జరుగుతున్న వేళకు నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, నీకు ఏ అబద్ధం చెబితే అతుకుతుందా అని ఆలోచిస్తున్నాను.

నాకు అల్సరేటివ్ కొలైటిస్ ఉందిరా. పెద్దపేగు లోపలి పొర వాచిపోయి, పుళ్లు పడి, రక్తం కారే జబ్బు. ఈ రెండు ముక్కలు నీకు రాయడానికి నాలుగేళ్లు పట్టింది. వెన్నునొప్పి అంటే పదిమందీ చుట్టూ చేరి పరామర్శిస్తారు. రక్త విరేచనాలంటే ముఖం పక్కకు తిప్పుకుంటారు, లేకపోతే నవ్వుతారు. నేనైనా నవ్వేవాణ్నేమో.

మొదట్లో మొలలనుకున్నాను. అనుకోవడమే కాదు, ఎవరికీ చెప్పకుండా ఏదో పూతమందు తెచ్చుకుని రెండు నెలలు పూసుకున్నాను కూడా. రోజుకు పద్నాలుగు సార్లు పరుగెత్తే స్థితి వచ్చి, తొమ్మిది కిలోలు తగ్గి, మెట్లెక్కితే ఆయాసం వచ్చాక గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. రక్తహీనత అప్పటికే బాగా ముదిరింది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీను ఎంతుందో చూశారు. పేగులో వాపు ఉంటే అది పెరుగుతుందట. ఆ తరువాత కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూడటం. దానికంటే దాని ముందురాత్రి గురించి చెప్పాలి. పేగు కడగడానికి లీటర్ల కొద్దీ ఉప్పటి నీళ్లలాంటి మందు తాగిస్తారు. మూడో గ్లాసు దగ్గర మనిషికి వైరాగ్యం వస్తుంది.

తరువాత డాక్టరు తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారు. మంచి పేగు లేత గులాబీ రంగులో తడిగా మెరుస్తూ, ఆకు ఈనెల్లాగా సన్నటి రక్తనాళాలతో ఎంత అందంగా ఉందనుకున్నావు! నాది చిన్నప్పుడు సైకిలు మీంచి పడి గీరుకుపోయిన మోకాలిలా ఉంది. తాకితే చాలు, రక్తం. ఆ బొమ్మ చూశాక మాత్రం నా మీద నాకు కోపం తగ్గింది. అంత పుండు పెట్టుకుని రోజూ ఆఫీసుకు వెళ్లానా అనిపించింది.

ఐబీడీ (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, అంటే పేగు వాపు జబ్బు) అని డాక్టర్లు అనేది ఈ జాతి జబ్బులనే. నాలాంటిది పెద్దపేగుతోనే ఆగుతుంది. రెండోది క్రోన్స్ వ్యాధి, అది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. న్యూయార్క్‌లో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు డాక్టర్లు 1932లో దాని గురించి వ్యాసం రాస్తే, అక్షర క్రమంలో ముందున్న పాపానికి క్రోన్ పేరు జబ్బుకు అంటుకుపోయింది. (నా చదువంతా ఏ గదిలో కూర్చుని సాగిందో వేరే చెప్పాలా?) ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని ఇంకొకటుంది, పొట్టిపేరులో ఒక్క అక్షరమే తేడా. కానీ అందులో పేగుకు ఇలా వాపూ పుళ్లూ ఉండవు. 'మా బావమరిదికీ అదే, టెన్షన్ తగ్గించుకుంటే పోయింది' అనే వాళ్లందరూ ఈ రెంటినీ కలిపేసేవాళ్లే. మన రోగనిరోధక వ్యవస్థే పేగు మీద పగబట్టడం వల్ల వచ్చే జబ్బు ఇది. ఏదో తినకూడనిది తిన్నందుకు రాదు, అంటుకోదు. ఆందోళన వల్ల ఎక్కువ కావచ్చు గానీ, ఆందోళన వల్ల పుట్టదు. ఇది నీకోసం కాదు, మా బంధువులకు చెప్పలేక నీకు చెబుతున్నాను.

వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. పదిరోజుల్లో విరేచనాలు సగానికి తగ్గాయి. దానికి బదులుగా నిద్ర పోయింది, ఆకలి పెరిగింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. తెల్లవారుజామున మూడింటికి లేచి అల్మారాలు సర్దేవాణ్ని. అప్పుడే అందరూ 'ఒళ్లు చేశావు, ముఖం కళకళలాడుతోంది' అన్నారు. నా జీవితంలో అందానికి మెచ్చుకోళ్లు వచ్చింది ఆ రెండు నెలలే! స్టెరాయిడ్లను ఒక్కసారిగా ఆపకూడదు, మెట్టుమెట్టుగా తగ్గించాలి. ఆ తరువాత వాపు మళ్లీ రాకుండా మెసాలమిన్ అనే మాత్రలు.

ఇక్కడే వెధవపని చేశాను. ఆర్నెల్లు హాయిగా ఉండేసరికి తగ్గిపోయిందనుకుని మాత్రలు మానేశాను. బాగున్నది మాత్రల వల్లేనని తట్టలేదు. నాలుగు నెలలకు మళ్లీ రాజుకుంది. దీన్ని ఫ్లేర్ అంటారు మావాళ్లు. సరిగ్గా నీ పెళ్లి వారం. మోకాళ్లు కూడా నొప్పెడితే నా సొంత వైద్యంగా ఇబుప్రొఫెన్ వేసుకున్నాను. ఆ కీళ్ల నొప్పులు కూడా ఈ జబ్బులో భాగమేనని, అలాంటి నొప్పి మాత్రలు పేగును ఇంకా రేపవచ్చని తరువాత డాక్టరు చీవాట్లు పెడితే తెలిసింది.

ఈసారి మాత్రలకు లొంగలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అని, నరంలోకి ఎక్కించే మందు మొదలుపెట్టారు. దాగి ఉన్న క్షయ ఏదైనా ఉంటే ఈ మందు వల్ల పైకి లేవొచ్చని ముందు ఆ పరీక్ష చేశారు. మొదటి మోతాదు తరువాత రెండో వారం, ఆరో వారం, ఆపైన ఎనిమిది వారాలకోసారి. కుర్చీలో రెండు గంటలు కూర్చోవాలి.

ఆ కుర్చీలోనే నా కథ మలుపు తిరిగింది. పక్క కుర్చీలో మా అమ్మ వయసు ఆవిడ. పరిచయం కూడా లేకుండా, పిల్లలెంతమంది అని అడిగినంత మామూలుగా, 'రోజుకి ఎన్నిసార్లు బాబూ?' అంది. బిత్తరపోయి, 'ఆరు' అన్నాను. 'ఆరేనా! బాగుపడుతున్నావు' అని సంతోషించింది. అంతే, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయిరా. ఆ అంకె అప్పటిదాకా డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఎవరూ దాన్ని చూసి సంతోషించలేదు. ఆవిడకు ఇరవయ్యేళ్లుగా ఉందట. జబ్బు వచ్చి ఎనిమిదేళ్లు దాటితే కాన్సర్ జాడ కోసం తరచూ కొలనోస్కోపీ చేయించుకోవాలట, అది కూడా ఊరి కబురు చెప్పినట్టే చెప్పింది. ఒక జత బట్టలు, తడి కాగితాలు, ప్లాస్టిక్ కవరు ఉన్న చిన్న సంచీ తెరిచి చూపించి, 'ఇది దగ్గరుంటే అవసరం పడదు, మరిచిపోయిన రోజే పడుతుంది' అంది.

ఈ జబ్బున్న వాళ్లు నెలకోసారి కలుస్తారని చెప్పింది కూడా ఆవిడే. మొదటిసారి వెళ్లినప్పుడు గదిలో ముందు వరుసలన్నీ ఖాళీ. తలుపు పక్కన ఉన్న కుర్చీలు మాత్రం అన్నీ నిండిపోయాయి! నా జనం దగ్గరికి వచ్చానని అర్థమైంది. అక్కడ ఒక కాలేజీ కుర్రాడు, పెద్దపేగు తీసేసి, మలం పడేందుకు పొట్టకు బయట సంచీ పెట్టారు. మూడు గంటల సినిమా మధ్యలో లేవకుండా చూశానని చెబితే అందరం చప్పట్లు కొట్టాం. అక్కడా అంతా బాగుంటుందని కాదు. ఒకాయన ఏదో పొడి తింటే జన్మలో మందులక్కర్లేదని మొదలుపెట్టాడు. నాకు నా అనుభవం చాలని లేచి వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడది వేరే పద్ధతి. ఎలా ఉందని అడగదు. ఫ్లేర్ ముదిరిన రోజుల్లో ఒక రాత్రి లేచి వెళితే బాత్‌రూంలో చిన్న పీట, దాని మీద నీళ్ల సీసా, ఫోను ఛార్జరు, మెత్తటి తువాలు కనిపించాయి. దాని గురించి మేమిద్దరం ఇప్పటిదాకా ఒక్క మాట అనుకోలేదు. ఆఫీసులో మా పై అధికారికి ధైర్యం చేసి ఒక్క వాక్యం చెప్పాను. సోమవారానికల్లా నా బల్ల నడవా చివరికి మారింది. ఎందుకని అడిగిన వాళ్లకు ఏసీ గాలి పడదట అని ఆ అధికారిణే చెప్పింది. మనసు మరీ కుంగినప్పుడు ఒక కౌన్సెలర్ దగ్గరికి కూడా వెళ్లాను. మొదటి గంట ఏడవడానికే సరిపోయింది, ఆ తరువాత పనికొచ్చింది.

ఇప్పుడు రోజుకు రెండుసార్లే. అలసట ఇంకా ఉంది, నిద్రపోయినా తీరనిది. అయినా ఈ నెలాఖరుకు మీ ఇంటికి వద్దామనుకుంటున్నాను. బస్సులో కాదు, రైల్లో. పెట్టె చివరి బెర్తు, ఎందుకో నీకిప్పుడు తెలుసు. ఈ ఉత్తరం చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు, పెళ్లికి రాని మనిషి మీద ఆమెకూ కోపం ఉండే ఉంటుంది. నేను వచ్చాక నన్ను జాలిగా చూడొద్దు. మాట మధ్యలో లేచి వెళితే ఎక్కడికని అడగొద్దు, తిరిగొచ్చాక ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టు, చాలు.

జవాబు రాసేటప్పుడు ఒక్క సంగతి మరిచిపోకుండా తెలియజేయి. మీ ఇంట్లో బాత్‌రూం తలుపు గడియ సరిగ్గా పడుతుందా?

నీ
అబద్ధాలకోరు