వేళ్లు ముడుచుకోకు, తల్లీ

తల్లీ,

నిన్న రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నీ పెళ్లికి చెప్పులు కొందామని వెళ్లి అయిదో దుకాణం నుంచి కూడా ఉత్త చేతులతో తిరిగొచ్చానన్నావు. దానికి నేనేమీ బాధపడలేదు. ఆ తరువాత గొంతు తగ్గించి, "నా కాళ్లే బాగా లేవు నాన్నా, వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అన్నావే, ఆ మాటే మనసులో గుచ్చుకుంది. ఫోనులో ఏదో సర్దిచెప్పాను గానీ అసలు చెప్పవలసింది చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ కాళ్లు నావి. ముందు భాగం వెడల్పు, మడమ సన్నం, బొటనవేలి మొదట్లో పక్కకు పొడుచుకొచ్చిన ఎముక, ఎడమ పాదం కంటే కుడి పాదం కాస్త పొడవు. ఇవన్నీ మా అమ్మ నుంచి నాకు, నా నుంచి నీకు వచ్చాయి. కళ్లూ జుట్టూ మీ అమ్మ పోలిక, పాదాలు మాత్రం నా పోలిక. వాటిని ఎవరు బాగా లేవన్నా, చివరకు నువ్వే అన్నా, నేను ఒప్పుకోను.

నీకు నాలుగేళ్లప్పటి సంగతి చెబుతాను. బడి బూట్లు కొనడానికి మొదటిసారి తీసుకువెళ్లాను. ఒక జత తొడిగారు. నేను కింద కూర్చుని బూటు కొనను బొటనవేలితో నొక్కి చూశాను. లోపల ఖాళీ తగిలింది. "సరిపోయాయా?" అంటే బుద్ధిగా తల ఊపావు. మూడో రోజు రాత్రి నువ్వు నిద్రపోతుంటే దుప్పటి సర్దబోయి చూశాను. రెండు చిటికెన వేళ్లూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఒకదాని మీద శనగగింజంత నీటి పొక్కు. అప్పుడు గాని నాకు తెలియలేదు, నేను నొక్కినప్పుడు నువ్వు లోపల వేళ్లు ముడుచుకున్నావని. ఆ బూట్లు నీకు అంతగా నచ్చాయి, సరిపోలేదంటే వద్దంటానని భయపడ్డావు. పొద్దున్నే వాటిని తీసి పక్కన పెట్టేశాను. నువ్వు ఏడ్చావు. ఆ రోజు నుంచి నీకు ఎప్పుడు చెప్పులు కొన్నా బూటు కొనను చూడలేదు, నీ ముఖమే చూశాను.

మొన్న నువ్వు పంపిన ఫోటోలో ఆ తెల్ల శాటిన్ చెప్పులు వేసుకుని నిలబడ్డావు. "కొంచెం బిగుతు, వాడగా వాడగా సర్దుకుంటాయిలే" అని రాశావు. ఫోటో పెద్దది చేసి చూశాను. వేళ్లు మళ్లీ ముడుచుకున్నావు.

నా పెళ్లి ఫోటోలు నీకు తెలిసినవే. ఈసారి వాటిలో నా ముఖం చూడకు, నిలబడిన తీరు చూడు. ప్రతి ఫోటోలోనూ బరువంతా ఎడమ కాలి మీదే ఉంటుంది. కొత్త బూట్లు కుడి కాలిని కరిచాయి. నాకు సరిపోయే వెడల్పు దొరకలేదు, ఒక్క రోజే కదా అనుకున్నాను. ఎవరెవరు వచ్చి ఏమని దీవించారో సగం గుర్తు లేదు. ఎంత త్వరగా కూర్చుంటానా అన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మీ అమ్మ ఏదో అడిగితే విసుగ్గా జవాబిచ్చాను. ఆమె మరిచిపోయింది, నేను మరిచిపోలేదు. నీకు అలాంటి రోజు రాకూడదు.

బూటు ఎలా తయారవుతుందో ఒకసారి విను, నీ కాలిది తప్పు కాదని నీకే తెలుస్తుంది. ప్రతి చెప్పునూ పాదం ఆకారంలో ఉన్న ఒక అచ్చు మీద బిగించి తయారు చేస్తారు. పూర్వం ఆ అచ్చును కర్రతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. కర్మాగారం ఒక నమూనాకు ఒక అచ్చు ఎంచుకుని, దాన్నే చిన్నదిగా, పెద్దదిగా మార్చి సైజులన్నీ తీస్తుంది. ఆ అచ్చు ఏదో ఒక సగటు పాదానిది. మనిషి పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. అవన్నీ అందరికీ ఒకే తీరున అమరుతాయా? 19వ శతాబ్దం మొదలయ్యే నాటికి కూడా కుడికీ ఎడమకూ తేడా లేకుండా ఒకే ఆకారంలో బూట్లు కుట్టడమే మామూలు. అప్పటివాళ్లు కూడా తమ కాళ్లనే తిట్టుకుని ఉంటారేమో.

ఇక అందరూ చేసే పొరపాటు ఒకటుంది, నువ్వూ చేస్తున్నావు. వెడల్పు చాలకపోతే ఒక సైజు పెద్దది తీసుకుంటున్నావు. దానితో పెరిగేది ముఖ్యంగా పొడవు, వెడల్పు పెరిగేది చాలా కొంచెం. నీ మడమ సన్నం కాబట్టి వెనక జారుతుంది, జారినప్పుడల్లా పాదం ముందుకు దూసుకుపోతుంది, వేళ్లు మళ్లీ కొనలోనే ఇరుక్కుంటాయి. పైగా చెప్పు వంగవలసిన చోటు నీ వేళ్ల మొదళ్ల కిందికి రాకుండా ఇంకాస్త ముందుకు పోతుంది. అడుగడుగునా ఆ చెప్పు నీ పాదంతో కొట్లాడుతుంది. 1920ల్లో అమెరికాలో ఛార్లెస్ బ్రానక్ తయారు చేసిన పాదాల కొలత పరికరం మూడు కొలతలు చూపిస్తుంది: మడమ నుంచి వేలి కొన వరకు పొడవు, మడమ నుంచి బొటనవేలి మొదటి కీలు వరకు పొడవు, ఇక వెడల్పు. దుకాణాల్లో మనల్ని అడిగేది మొదటిది ఒక్కటే. నీకు కావలసినవి మిగతా రెండూ.

వెడల్పుకు అక్షరాలుంటాయి. అడిగితే గాని చెప్పరు కాబట్టి నువ్వే అడుగు. అయితే ఇక్కడొక చిక్కు ఉంది. అమెరికా లెక్కలో ఆడవాళ్ల చెప్పులకు 'బి' మామూలు వెడల్పు, 'డి' వెడల్పాటిది. బ్రిటన్ లెక్కలో 'డి' అంటేనే మామూలు, 'ఇ' నుంచి వెడల్పు మొదలవుతుంది. 'డి' అని రాసి ఉందని సంబరపడి తెప్పించుకుంటే నీ కాలు అందులో పట్టకపోవచ్చు. ఏ దేశపు లెక్కో ముందు కనుక్కో.

కొలత ఎప్పుడు తీసుకోవాలన్నది అన్నిటికంటే ముఖ్యం. సాయంత్రం తీసుకోవాలి. పగలంతా నిలబడి తిరిగిన పాదం ఉబ్బుతుంది, పెళ్లి రోజున ఇంకా ఉబ్బుతుంది. పొద్దున కొన్న చెప్పు సాయంత్రానికి పగబడుతుంది. కూర్చుని కాకుండా నిలబడి, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి కొలవాలి. బరువు పడితే మన పాదం ఎంత పరుచుకుంటుందో నీకు తెలియదు, నాకు తెలుసు. పెద్ద పాదానికి సరిపోయే చెప్పు కొనాలి. పోయినసారి కొలిచినప్పుడు నీ కుడి పాదం ఎడమదాని కంటే 6 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. యూరప్ కొలతల్లో ఒక సైజుకూ తరువాతి సైజుకూ తేడా 6.67 మిల్లీమీటర్లు. అంటే నీ రెండు కాళ్లకూ మధ్య దాదాపు ఒక సైజు తేడా ఉందన్నమాట. కుడి కాలికి కొని, ఎడమ చెప్పులో పలుచని మెత్త వేసి, మడమ దగ్గర చిన్న పట్టీ అంటిస్తే ఆ తేడా సర్దుకుంటుంది. ఇరుకుగా ఉన్నదాన్ని పెంచడం కంటే వదులుగా ఉన్నదాన్ని నింపడం ఎంతో తేలిక.

కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, ఆ గీత వెంట కత్తిరించు. ఆ కాగితాన్ని దుకాణానికి తీసుకెళ్లి చెప్పు అడుగున ఆనించి చూడు. కాగితం ఎక్కడ బయటికి వస్తే నీ కాలు అక్కడ నొక్కుకుపోతుంది. వేసుకుని చూడకముందే సగం జతలు అక్కడే తేలిపోతాయి. మిగిలిన వాటిని వేసుకుని, అన్నిటికంటే పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉందో లేదో చూసుకో. మనకు పొడవైనది బొటనవేలు కాదు, రెండోది.

శాటిన్ నాకు నచ్చలేదని నిన్న అనలేకపోయాను. చూడడానికి అందంగానే ఉంది. కానీ శాటిన్ సాగదు, మెరిసే పూత పూసిన తోలు కూడా అంతే. మెత్తటి తోలు, నూగు తోలు మెల్లగా నీ ఎముక ఆకారానికి లొంగుతాయి. అవి కూడా వెడల్పులో సాగుతాయి గానీ పొడవులో సాగవు. బొటనవేలి ఎముక ఉన్న చోట కుట్టు గాని, పూసల పని గాని ఉంటే ఆ జత ఎంత బాగున్నా వద్దు. మడమ చుట్టూ బిగించుకునే పట్టీ ఉన్నది చూడు, ఉబ్బినకొద్దీ ఒక్కో రంధ్రం వదులు చేసుకోవచ్చు.

ఎత్తు విషయం. మడమ ఎంత లేస్తే అంత బరువు వేళ్ల మొదళ్ల మీదికి వాలుతుంది, మన ఎముక ఉన్నదీ అక్కడే. 5 సెంటీమీటర్లు దాటవద్దని నా మాట. ఇంకాస్త పొడవు కనబడాలనుకుంటే చెప్పు ముందు భాగం అడుగు కూడా మందంగా ఉన్నది తీసుకో. మడమ 7, ముందు 2 ఉంటే నీ కాలికి తెలిసే వాలు 5 మాత్రమే. మేకులాంటి సన్న మడమ వద్దు, వెడల్పుగా దిమ్మలా ఉన్నది కావాలి. అసలు ఎత్తే వద్దనుకున్నా చిన్నతనం కాదు. 1840లో విక్టోరియా రాణి తన పెళ్లికి వేసుకున్నవి మడమ ఎత్తులేని తెల్ల శాటిన్ చెప్పులు. అవి ఈనాటికీ భద్రంగా ఉన్నాయి.

ఎక్కడా దొరక్కపోతే కుట్టిద్దాం. నీ పాదం కొలతలతో నీకంటూ అచ్చు చేసి కుట్టేవాళ్లు ఉన్నారు. వారాలు పడుతుంది, మధ్యలో రెండు మూడుసార్లు వెళ్లి వేసి చూపించాలి, ఖర్చు కూడా ఎక్కువే. ఆ ఖర్చు నాది, దాని గురించి మాట్లాడకు. మూడు నెలల సమయం ఉంది కనుక ఇప్పుడే నిర్ణయించుకోవాలి. అంత దూరం వద్దనుకుంటే, మంచి తోలు జత దొరికాక చెప్పులు బాగుచేసే మనిషి దగ్గరికి వెళదాం. ఎముక తగిలే చోట చిన్న బుడిపె పెట్టిన అచ్చు లోపల బిగించి రెండు రోజులు ఉంచితే, అక్కడ మాత్రం తోలు లేస్తుంది. నా బూట్లన్నీ అలాగే చేయించుకుంటున్నాను. ఆయన నా కాలు చూసి ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. వేలితో ఎముకను తడిమి, సుద్దముక్కతో తోలు మీద గుర్తు పెట్టుకుంటారు, అంతే. ఆ అయిదు దుకాణాల్లో ఎవరైనా నీతో అలా ప్రవర్తించి ఉంటే నిన్న నువ్వు ఆ మాట అనేదానివి కాదు.

చెప్పులు ఖాయమయ్యాకే దుస్తుల అంచు కుట్టించు. ముందే కుట్టిస్తే ఆ ఎత్తుకు తగ్గ చెప్పుల కోసం మళ్లీ కాళ్లను హింసించాలి. కొన్నాక ఇంట్లోనే, మెత్తటి తివాచీ మీద, మొదట పదిహేను నిమిషాలు నడువు, రోజూ కొంచెం కొంచెం పెంచు. చెప్పు అడుగు మాయకపోతే అవసరమైతే మార్చుకోవచ్చు. మార్చే పని లేదని తేలాక అడుగును గరుకు కాగితంతో రుద్ది పెడతాను, నున్నటి నేల మీద జారకుండా. ఎక్కడ రాపిడి అవుతుందో ఈ రోజుల్లోనే తెలిసిపోతుంది. పెళ్లి రోజున అక్కడ ముందుగానే పట్టీ వేసుకో, పొక్కు లేచాక వేసినా ఉపయోగం తక్కువ. రెండో జత ఒకటి నా సంచిలో ఉంటుంది, పాత మెత్తటి చెప్పులు. నువ్వు నా వైపు చూస్తే చాలు, తెచ్చిస్తాను.

ఒక్క విషయం మాత్రం దాచకు. వేళ్లలో తిమ్మిరిగాని, రాత్రిళ్లు ఎముక దగ్గర సలుపుగాని ఉంటే చెప్పుల సంగతి పక్కన పెట్టి డాక్టరుకు చూపిద్దాం. నేను చాలా ఏళ్లు ఓర్చుకుని తప్పు చేశాను.

ఆదివారం వస్తున్నాను. పెద్ద కాగితాలు రెండు, టేపు, పెన్సిలు నేనే తెస్తాను. ఆ రోజు పగలు ఎక్కువసేపు కూర్చోకు, బాగా తిరుగు. ఆరు దాటాక గీద్దాం. పెన్సిలు చిటికెన వేలి పక్కకు వచ్చేసరికి నీకు చక్కిలిగింత, ప్రతిసారీ కాలు లాగేసుకుంటావు. ఈసారి కదలకుండా నిలబడు, వేళ్లు చాపుకుని.

నీ
నాన్న